దోమకు ఒక అణా

మా అన్నయ్య కూతురు బి.యస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో అందరం అమ్మడు అనే పిలుస్తాం గనుక ఇక్కడా ఆ పేరే వాడుకుంటాను. మొన్న శ్రావణమాసంలో ఒక శనివారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, అమ్మడు వచ్చి ఒక లావుపాటి కాగితాల కట్ట నా ఒళ్ళో పడేసి, గోడకు చేరగిలబడి కూర్చున్నది. ముఖం చూస్తే ఏడ్చి ఏడ్చి ఊరుకున్నట్టున్నది.

కట్ట పై పేజీ మీద పెద్ద అక్షరాలతో “భారతదేశంలో దోమలు, వాటివల్ల వచ్చే వ్యాధులు: ఒక పరిశోధన” అని ఉన్నది. లోపల అరవై పేజీలు, రంగురంగుల బొమ్మలు. చివరి పేజీ అడుగున వాళ్ళ లెక్చరరుగారు ఎర్రసిరాతో ఒకే ఒక్క వాక్యం రాశారు: “అమ్మా, ఇందులో నువ్వు కనుక్కున్నది ఏది?”

“అరవై పేజీలు బాబాయ్! రెండు రాత్రులు నిద్రలేదు. దసరా సెలవుల తరువాత మళ్ళీ రాసి ఇవ్వాలట. లేకపోతే మార్కులు వెయ్యరట,” అన్నది గొంతు పూడుకుపోతూ.

పేజీలు తిరగేశాను. పదమూడో పేజీ ఎవరో ప్రొఫెసరుగారి భాష. పద్నాలుగో పేజీ దినపత్రిక భాష. ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి, ఉన్నట్టుండి, అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంవారు పెరట్లో ఈతకొలనులను ఎలా శుభ్రం చేసుకోవాలో చెబుతోంది. మా పేట మొత్తం మీద ఈతకొలను ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు.

“ఇదంతా ఎక్కడిదే?”

“ఇంటర్నెట్‌లోది. ఉన్నది ఉన్నట్టు దించలేదు. మాటలు కొంచెం కొంచెం మార్చాను.”

నాకు కోపం రాలేదు. పిల్లదాన్ని ఏమని కోప్పడాలి? చిన్న క్లాసుల నుంచి గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వేశాం. ఒక మాట సొంతంగా కలిపితే కొట్టేశాం. ఇప్పుడు హఠాత్తుగా “పరిశోధన చెయ్యి” అంటున్నాం. వంటింటి గడప తొక్కని పిల్లను పట్టుకొని పెళ్ళివారికి వంట చెయ్యమన్నట్టు లేదూ?

మరునాడు ఆదివారం. పొద్దున్నే స్కూటరు మీద అమ్మడిని బేగంపేట తీసుకెళ్ళాను. మేముండేది సికిందరాబాదులోనే గనుక ఎంతో దూరం కాదు. పాత విమానాశ్రయం దగ్గర ఒక పాతకాలపు భవనం ఉన్నది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారిది, సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. ఆ దారిన ఎన్నిసార్లో వెళ్ళిన అమ్మడు ఒక్కసారీ అటు తిరిగి చూడలేదట. నిజం చెప్పాలంటే నేనూ చాలా ఏళ్ళు చూడలేదు.

“నీ అరవై పేజీల్లో ఈయన పేరు ఉన్నది గదా, ఏమని రాశావు?” అని అడిగాను.

“1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్, దోమ కుడితే మలేరియా వస్తుందని కనుక్కున్నాడు,” అని గడగడా అప్పజెప్పింది.

ఆ వాక్యం తప్పు. మన పాఠాల్లో, పత్రికల్లో, ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు కనబడే తప్పే. కాని ఆయన ఆనాడు నిజంగా ఏం చూశాడో తెలుసుకుంటే పరిశోధన అంటే ఏమిటో సగం తెలిసినట్టే. అక్కడ చెట్టునీడన స్కూటరు ఆపి అమ్మడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో ఇక్కడి సైన్యంలో వైద్యుడిగా చేరాడు. మనసు మాత్రం కవిత్వం మీదా, నవలల మీదా, లెక్కల మీదా ఉండేది. అంతకు ముందు ఏడాది, అంటే 1880లో, అల్జీరియాలో లావరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు చలిజ్వరం వచ్చినవాళ్ళ నెత్తురులో ఒక సూక్ష్మజీవిని చూశాడు. రాస్ చాలాకాలం ఆ మాట నమ్మనేలేదు. 1894లో సెలవు మీద లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు మైక్రోస్కోపులో చూపించాక నమ్మాడు. ఈ మాన్సన్ చైనాలో పనిచేసినప్పుడు, 1877లో, బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చూసినవాడు. మలేరియా సంగతిలోనూ దోమకు పాత్ర ఉండాలని ఆయన ఊహ.

చూశారా, రాస్ సున్న నుంచి మొదలుపెట్టలేదు. తనకు ముందు ఇద్దరు ఎంతవరకు వచ్చారో తెలుసుకొని, వాళ్ళు ఆగిన చోట నిలబడ్డాడు. పుస్తకాలు చదవడం ఇందుకోసం. పదిమంది రాసింది పోగుచేసి దస్తా నింపడం కోసమైతే కాదు.

ఇంకొకటి గమనించండి. “మలేరియా ఎందుకు వస్తుంది?” అన్న ప్రశ్న చాలా పెద్దది, ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. రాస్ దాన్ని కుదించి కుదించి, “రోగి నెత్తురు తాగిన దోమ ఒంట్లో ఆ సూక్ష్మజీవి ఏమవుతుంది?” అన్న దగ్గరికి తెచ్చాడు. దీనికి దోమ కావాలి, రోగి కావాలి, మైక్రోస్కోపు కావాలి, ఓపిక కావాలి. నాలుగూ దొరికేవే.

1895లో సికిందరాబాదు వచ్చి పని మొదలుపెట్టాడు. ఇక్కడ మొదటి గోతిలో పడ్డాడు. మాన్సన్ ఊహలో ఒక భాగం ఏమిటంటే, దోమ నీళ్ళలో చచ్చిపోతే, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జ్వరం వస్తుందని. రాస్ అలాంటి నీళ్ళు తాగడానికి ఒప్పుకున్న ఒక మనిషికి తాగించాడు. కొన్నాళ్ళకు ఆ మనిషికి కాస్త జ్వరం తగిలింది! మీరైతే, నేనైతే, ఆ రాత్రే “కనుక్కున్నాం” అని ఊరంతా చాటేవాళ్ళం. రాస్‌కూ సంతోషం కలిగింది. కాని ఆగి, మరికొందరి మీద అదే ప్రయోగం చేసి చూశాడు. ఫలితం నిలవలేదు. చలిజ్వరాలున్న ఊళ్ళో ఒక మనిషికి జ్వరం రావడానికి వంద కారణాలుంటాయి. ఒకసారి జరిగినది కాకతాళీయమా, కాదా అని తెలుసుకోవాలంటే మళ్ళీ చెయ్యడం తప్ప దారి లేదు. (ఇప్పుడు మనుషుల మీద ఇలాంటి ప్రయోగం అంత తేలిగ్గా చెయ్యనివ్వరు. ముందు నైతిక సంఘం అనుమతి కావాలి, ఆ మనిషికి అన్నీ విడమరచి చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మంచిదే.)

తరువాత దోమల వంతు. దొరికినవి బూడిదరంగువీ, చారలవీ. వందలకొద్దీ కోసి చూశాడు. ఏమీ లేదు. మధ్యలో కలరా పనిమీద బెంగుళూరు పంపారు. 1897లో నీలగిరులకు వెళ్ళి తనే మలేరియా తెచ్చుకున్నాడు. ఆ జూన్‌లో మళ్ళీ సికిందరాబాదు చేరాడు. ఉక్కపోత. చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. పంఖా వేయించుకుందామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. ఇవన్నీ ఆయనే తరువాత రాసుకున్నాడు.

ఆగస్టులో నీళ్ళలోని దోమపిల్లలను సీసాల్లో పెంచితే, రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు కొన్ని బయటికొచ్చాయి. సీసాలో పెంచడం ఎందుకంటే, బయట పట్టిన దోమ అంతకు ముందు ఎవరిని కుట్టి వచ్చిందో ఎవరికి తెలుసు? వాటిని హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. 20వ తేదీన ఒక దోమను కోస్తే, దాని జీర్ణకోశం గోడలో, ఇదివరకు ఏ దోమలోనూ చూడని గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా సూక్ష్మజీవిలో ఉండేలాంటి నల్లని రంగుపొడి ఉన్నది. మరునాడు, మిగిలిన ఒక్క దోమనూ కోశాడు. కణాలు అవే, కాని నిన్నటికంటే పెద్దవి! అంటే ఒక్కరోజులో పెరిగాయన్నమాట. పెరుగుతున్నదంటే ప్రాణమున్నదనే గదా.

ఆ రోజున ఆయన చూసింది ఇంత మాత్రమే. దోమ కుట్టడం వల్ల జ్వరం వస్తుందని ఇంకా తెలియలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తను చూసినది తోటి వైద్యుడికి చూపించి, లండనులో మాన్సన్‌కు పంపించి, ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేయించాడు. దానికి పెట్టిన పేరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. “మలేరియా రహస్యం బట్టబయలు” అని కాదు. మలేరియా నెత్తురు తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత కణాలను గురించి, అని! రెండంటే రెండే దోమలు. ఆ సంఖ్యను శీర్షికలోనే పెట్టాడు.

ఆ తరువాత అధికారులు ఆయన్ను రాజపుటానా బదిలీ చేశారు. అక్కడ రోగులు దొరకక చేతులు కట్టుకు కూర్చున్నంత పనైంది. 1898లో కలకత్తా చేరాక మనుషులను వదిలి పక్షుల మలేరియా పట్టుకున్నాడు. అక్కడ చేసిన ఒక చిన్న ప్రయోగం విద్యార్థులందరూ నోటికి పట్టవలసినది. మూడు పిచ్చుకలు. ఒకదాని నెత్తురులో సూక్ష్మజీవులు లేవు. ఒకదానిలో ఓ మోస్తరుగా ఉన్నాయి. మూడోదానిలో విపరీతంగా ఉన్నాయి. ఒకే బారులో పుట్టిన దోమలను ఒకే రాత్రి మూడింటిమీదా వదిలాడు. ఒక్కొక్క గుంపులోంచి పదేసి దోమలను తీసి కోసి, కణాలు లెక్కపెట్టాడు. మూడో పిచ్చుకను కుట్టిన పదింటిలో 1,009. రెండోదాన్ని కుట్టిన పదింటిలో 292. మొదటిదాన్ని కుట్టిన పదింటిలో సున్న.

ఈ మూడింటిలో ఏది ముఖ్యమని అమ్మడిని అడిగితే “1,009” అన్నది. నన్నడిగితే సున్న. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుక పక్కన లేకపోతే, ఆ కణాలు దోమ ఒంట్లో ఎప్పుడూ ఉండేవేనేమోనని ఎవరైనా అనవచ్చు. ఆ అనుమానానికి నోరు మూయించింది సున్నే. మా అమ్మ కొత్తరకం బియ్యం కొన్నప్పుడు అలవాటైన పాత బియ్యం కూడా పక్క గిన్నెలో వండి చూస్తుంది. అదే పద్ధతి.

ఆ జూలైలోనే దోమ లాలాజల గ్రంథుల్లో సూక్ష్మజీవులను చూసి, దోమకాటుతో ఆరోగ్యంగా ఉన్న పక్షులకు జబ్బు అంటించి చూపించాడు. మనుషుల సంగతి అదే సంవత్సరం చివర ఇటలీలో గ్రాసీ, ఆయన మిత్రులు రుజువు చేశారు. రెక్కల మీద మచ్చలున్న దోమ అనాఫిలిస్ జాతిదని కచ్చితంగా తేల్చిందీ వాళ్ళే. కీటకశాస్త్రం చదవని రాస్‌కు తన దోమ శాస్త్రీయనామం తెలియదు. 1902లో నోబెల్ బహుమానం రాస్ ఒక్కడికే వచ్చింది. ఆయనకూ గ్రాసీకీ మధ్య ఘనత కోసం జరిగిన తగవు చదివితే, పెద్దవాళ్ళు కూడా ఇంతేనా అనిపిస్తుంది. పోనివ్వండి.

“అయితే నా పేజీలో ఒక్క వాక్యంలో మూడు ఊళ్ళు, ఇద్దరు శాస్త్రజ్ఞులు మాయమైపోయారన్నమాట,” అన్నది అమ్మడు. ఆ రోజు నాకు దక్కిన సంతోషం అదే.

ఇంటికి వచ్చి ఈ కథే చెబుతుంటే మా ఆవిడ అడ్డు తగిలింది. “సైన్సు వాళ్ళకైతే దోమలున్నాయి, పిచ్చుకలున్నాయి. తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలు ఏం కోస్తారు?” అని. తను తెలుగు ఎం.ఏ. లెండి.

వాళ్ళకు సి.పి. బ్రౌన్ ఉన్నాడు. 1820ల్లో ఆయన వేమన పద్యాల కోసం వెతికినప్పుడు దొరికినవి చేతిరాత ప్రతులు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో లేదు. ఉన్నచోట మాటలు వేరు. ఒక మంచి ప్రతి చేతిలో పెట్టుకొని అచ్చు వేయించి ఉంటే పని తేలిగ్గా అయిపోయేది. అలా కాక, దొరికిన ప్రతులన్నీ తెప్పించి, పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి చూశాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఒకే ప్రతిని నమ్మకపోవడం, ఒకే దోమను నమ్మకపోవడం ఒకలాంటి పనే గదా. మా ఆవిడ ఒప్పుకున్నది. ఆమె ఒప్పుకోవడం అరుదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఇక అమ్మడి పని. మొదట “దోమలు ఎందుకు పుడతాయి?” అన్నది. పెద్దదన్నాను. “హైదరాబాదులో దోమలు” అన్నది. ఇంకా పెద్దదే, స్కూటరు పెట్రోలుకే నా జీతం చాలదు. రెండు రోజులు కొట్టుకొని చివరికి ఒక ప్రశ్న తెచ్చింది: “మా మేడలో నీళ్ళు నిలవ ఉండే వాటిలో, మూత ఉన్నవాటికంటే లేనివాటిలో దోమపిల్లలు ఎక్కువగా ఉంటాయా?” ఇది చెయ్యగలిగిన పని.

మేడ మూడంతస్తులు. నీళ్ళు నిలిచే చోట్లు వెతికితే పదకొండు తేలాయి: బకెట్లు, డ్రమ్ములు, కూలరు తొట్టి, పూలకుండీల కింద పళ్ళాలు, డాబా మీద పడేసిన మా అమ్మ రుబ్బురోలు. వాటికి నంబర్లు వేసింది. గుడ్డు నుంచి దోమ ఎగిరేసరికి వారం పదిరోజులు పడుతుంది గనుక, ప్రతి ఆరో రోజు పొద్దున తెల్లగరిటెతో నీళ్ళు తీసి లెక్కపెట్టి, నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్తనీళ్ళతో మొదలుపెట్టాలని ఏర్పాటు. చదువు పేరుతో ఇరుగుపొరుగులకు దోమలను పెంచి పెట్టకూడదు గదా! అలా నాలుగుసార్లు.

నోటుపుస్తకం సంగతిలో నేను కాస్త కఠినంగా ఉన్నాను. చిత్తుకాగితాలు వద్దు, కుట్టిన పుస్తకమే కావాలి. తేదీ, వేళ, వాన పడిందా లేదా. కొట్టివేత ఉంటే ఒక గీత గియ్యాలి, కింద ఏమున్నదో కనబడాలి. ఎక్కడైనా చదివింది రాసుకుంటే అప్పుడే పక్కన రచయిత పేరు, పుస్తకం, సంవత్సరం, పేజీ రాసుకోవాలి. వాళ్ళ మాటలే అయితే కొటేషన్ గుర్తులు పెట్టాలి. “తరువాత రాసుకుంటాలే” అనుకున్నవి ఎప్పటికీ దొరకవు. నాలుగు నెలల తరువాత చూస్తే ఏది తన మాటో, ఏది ఎదుటివాడి మాటో తనకే తెలియదు. దొంగతనాలు అన్నీ కావాలని చేసినవి కావు, సగం ఇలా జరిగినవే.

మూడోసారి లెక్క పూర్తయిన నాటి రాత్రి, అమ్మడు పుస్తకం పట్టుకొని వచ్చింది.

“బాబాయ్, ఐదో నంబరు డ్రమ్ము మొత్తం పాడుచేస్తోంది. దానికి మూత ఉన్నది. అయినా మూడుసార్లూ అందులోనే ఎక్కువ. పక్కన మూతలేని బకెట్లో ఒక్కటీ లేదు. ఈ డ్రమ్మొక్కటి తీసేస్తే లెక్క చక్కగా వస్తుంది. పది చాలు గదా, పదకొండు ఎందుకు?”

నేను పత్రిక చదువుతున్నట్టు కూర్చున్నాను. గుండె మాత్రం కొట్టుకుంటోంది. అరవై పేజీలు దించి రాసినప్పుడు కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు దానికి తెలియదు, ఇప్పుడు తెలుసు.

ఎంతసేపటికీ నేను మాట్లాడకపోయేసరికి టార్చిలైటు తీసుకొని కిందికి వెళ్ళింది. పావుగంటకు తిరిగి వచ్చింది.

“మూత అంచు విరిగి వేలెడంత సందు ఉన్నది. పైగా ఆ డ్రమ్ము నీళ్ళు ఎవరూ వాడటం లేదట. మూతలేని బకెట్ నీళ్ళేమో వాచ్‌మన్ భార్య రోజూ వాడేసి కడిగి నింపుతుందట. బాబాయ్, అసలు ప్రశ్న మూత కాదేమో. నీళ్ళు ఎన్ని రోజులు కదలకుండా ఉన్నాయన్నది ప్రశ్నేమో!”

నాలుగోసారి లెక్కకు కొత్త గడి గీసింది: నీళ్ళు చివరిసారి మార్చి ఎన్ని రోజులైంది? పాత మూడు లెక్కలకు ఆ గడి ఖాళీగానే వదిలేసి, “అప్పుడు అడగలేదు” అని రాసింది. ఊహించి నింపలేదు.

ఈసారి వ్యాసం పద్నాలుగు పేజీలు. పేరు: “సికిందరాబాదులోని ఒక మేడలో పదకొండు నీటి నిల్వల్లో దోమపిల్లల లెక్క.” మొదటి పేజీలోనే, తను అనుకున్నది నిలవలేదని చెప్పింది. ఫ్లోరిడా ఈతకొలను ఎక్కడా లేదు.

ఇచ్చే ముందురోజు ఒక కాగితం పట్టుకొని మా అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఐదో నంబరు తరువాత ఎక్కువ దోమపిల్లలు దొరికింది డాబా మీది రుబ్బురోట్లో. ఆ రోలు మా అమ్మ కాపరానికి వచ్చినప్పుడు పుట్టింటివారు ఇచ్చినది. ముప్ఫై ఏళ్ళుగా పారెయ్యనివ్వదు, వాడనూ వాడదు.

“నాయనమ్మా, నీ రోలు గురించి రాశాను. నీకు అభ్యంతరం లేదని ఇక్కడ సంతకం పెట్టాలి.”

అమ్మ కళ్ళజోడు పెట్టుకొని కాగితమంతా చదివింది. “నా పేరు ఎక్కడా లేదేమే?” అన్నది.

“పేర్లు రాయకూడదు నాయనమ్మా. ఏడో నంబరు అని రాశాను.”

“మా పుట్టింటి రోలుకు నంబరు వేస్తావటే!” అంటూనే సంతకం పెట్టి, వాచ్‌మన్‌ను కేకేసి రోలు బోర్లించమన్నది.